63వ నిమిషం రెడ్ కార్డు: పిల్లల ఫుట్‌బాల్‌లో రాయకుండా వదిలేసిన కార్డు ఎవరి మీద పడుతుంది?

పిల్లల లీగుల్లో పదే పదే ఎదురయ్యే తప్పులను ఒక్క మ్యాచ్‌లోకి తెచ్చి కూర్చిన శిక్షణ కేసు ఇది. అందుకే జట్లకు రంగులు, ఆటగాళ్లకు నంబర్లు తప్ప పేర్లు లేవు. కొత్త రెఫరీలకు నేర్పేవాళ్లు, లీగులు నడిపేవాళ్లు, ముఖ్యంగా కోచ్‌లు దీన్ని ఓపిగ్గా చదవాలి. కార్డు చూపించడం మీద శిక్షణలో గంటలు గడుస్తాయి. దాన్ని రాసి పంపడం గురించి మాత్రం చివర్లో పది నిమిషాలు చెప్పి వదిలేస్తారు. గొడవలన్నీ పుట్టేది ఆ పది నిమిషాల దగ్గరే.

మ్యాచ్

అండర్-15 లీగ్, చివరి రౌండు. ఒక్కో సగం 35 నిమిషాలు. ఎరుపు జట్టుకూ నీలం జట్టుకూ ఆట. నీలం జట్టు అప్పటికే సెమీఫైనల్ చేరింది. రెఫరీ ఒకరు, అసిస్టెంట్ రెఫరీలు ఇద్దరు. రెండో అసిస్టెంటుకు 16 ఏళ్లు, జెండా పట్టడం ఆ సీజన్‌లోనే మొదలు.

22వ నిమిషంలో ఎరుపు 10, గోల్ వైపు దూసుకెళ్తున్న ఆటగాడిని కాలు అడ్డం పెట్టి పడేశాడు, ఎల్లో (హెచ్చరిక కార్డు). 41వ నిమిషంలో నీలం 6, త్రో తమకు ఇవ్వలేదని బంతిని నేలకేసి కొట్టి రెఫరీ మీద అరిచాడు, ఎల్లో. 58వ నిమిషంలో నీలం కోచ్ టెక్నికల్ ఏరియాలోనే (బెంచీ దగ్గర జట్టు సిబ్బందికి కేటాయించిన చోటు) నిలబడి రెఫరీని చూస్తూ వెటకారంగా చప్పట్లు కొట్టాడు, అతనికీ ఎల్లో. 63వ నిమిషంలో నీలం 6 ఎడమ టచ్‌లైన్ పక్కన ఎరుపు 11 కాలి మీదికి జారాడు. మళ్లీ ఎల్లో, రెండో ఎల్లో కనుక ఆ వెంటనే రెడ్, అంటే మైదానం బయటికి. ఆట 1–1తో ముగిసింది. మొత్తం నాలుగు ఎల్లోలు, ఒక రెడ్. ఇంతవరకూ రెఫరీ పనిలో వంక పెట్టడానికేమీ లేదు.

ఆఖరి విజిల్ తర్వాత నీలం కోచ్ రెఫరీ దగ్గరకు వచ్చాడు. గొడవ పడలేదు. బతిమాలాడు.

"సార్, ఒక్క మాట. పిల్లాడు ఏడుస్తున్నాడు చూడండి. తప్పు వాడిదే, కాదనను. బయటికి పంపించేశారు, శిక్ష అయిపోయింది కదా. శనివారం సెమీస్. ఆ రెడ్డు రిపోర్టులో ఎక్కించకండి సార్."

రెఫరీ "చూద్దాంలెండి" అన్నారు. ఆ మాట అన్నాక వెనక్కి తగ్గడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అప్పుడు చెప్పాల్సింది ఒకటే వాక్యం: "చూపించినవన్నీ రాస్తాను, మీరు చెప్పదలచుకున్నది కమిటీకి రాసి ఇవ్వండి." అందులో కటువుతనం ఏమీ లేదు. కోచ్‌కు దారి చూపించినట్టు కూడా అవుతుంది.

ఈ పోటీ నిబంధనల ప్రకారం రిపోర్టుకు గడువు 48 గంటలు. రెఫరీ రెండో రోజు రాత్రి, గడువు దగ్గర పడ్డాక, ఇంటి నుంచి రిపోర్టు పంపారు. అందులో రెండే ఎంట్రీలు: ఎరుపు 10కి ఎల్లో, నీలం 6కి ఎల్లో. రెడ్ లేదు, 63వ నిమిషం ఎల్లో లేదు, కోచ్ ఎల్లో కూడా లేదు. కోచ్ కార్డు గురించి ఎవరూ అడగలేదు. అయినా ఒకటి దాచినప్పుడు దాని పక్కనున్నది బయటపెట్టడం ఇబ్బందిగా అనిపించి, అదీ పోయింది. ఇలాంటి కేసుల్లో ఒక కార్డు ఒంటరిగా మాయం కాదు.

శనివారం

సెమీఫైనల్లో నీలం 6 మొదటి నిమిషం నుంచీ ఆడాడు. నీలం జట్టు ఆకుపచ్చ జట్టు మీద 2–1తో గెలిచింది. ఆ సాయంత్రమే ఆకుపచ్చ జట్టు నిరసన పత్రం ఇచ్చింది. లీగ్ మ్యాచ్ చూసిన ఒక తల్లి ఫోన్లో తీసిన వీడియో జత చేసింది. 63వ నిమిషం, ఎల్లో పైకి లేచింది, ఆ వెనకే రెడ్ లేచింది. చూసినవాళ్లకు అనుమానం మిగల్లేదు.

కమిటీ ముగ్గురు అఫీషియల్స్‌నూ విడివిడిగా వాళ్ల నోట్స్ అడిగింది. మ్యాచ్‌లో చూపించిన కార్డులు రాసుకునే ఆ రోజు అట్టముక్క రెఫరీ దగ్గర లేదు, పారేశానన్నారు. మొదటి అసిస్టెంట్ ఏమీ రాసుకోలేదు. 16 ఏళ్ల కుర్రాడి అట్ట మాత్రం పదిలంగా ఉంది. దాని మీద పెన్సిల్‌తో ఇలా ఉంది: "63 నీ6 ఎ2 రె, నా వైపు, ఎర్ర 11". అంటే 63వ నిమిషం, నీలం 6, రెండో ఎల్లో, రెడ్. కమిటీ దర్యాప్తు నిలబడింది ఈ ఒక్క గీత మీదే.

ఈ పోటీలో రెడ్ వచ్చిన ఆటగాడు తర్వాతి మ్యాచ్‌కు తనంతట తానే దూరమవుతాడు. ఆ సస్పెన్షన్ పుట్టేది కార్డు నుంచి, రిపోర్టు నుంచి కాదు. రెడ్ చూపించారని కోచ్‌కూ తెలుసు, ఆటగాడికీ తెలుసు, అందువల్ల "సిస్టమ్‌లో చూపించలేదు" అన్న సాకు చెల్లలేదు. అర్హత లేని ఆటగాడిని దింపినందుకు సెమీఫైనల్‌ను 3–0తో ఆకుపచ్చ జట్టుకు ఇచ్చారు. కోచ్ మీద విడిగా కేసు నడిచింది. రెఫరీకి ఆ సీజన్‌లో మళ్లీ మ్యాచ్‌లు ఇవ్వలేదు.

లెక్క ఒకసారి చూడండి. రెడ్ రాసి ఉంటే ఒక అబ్బాయి ఒక మ్యాచ్ బయట కూర్చునేవాడు. రాయనందుకు టీమ్ షీటులోని 16 మంది ఫైనల్ పోగొట్టుకున్నారు. వాళ్లలో 15 మందికి ఆ ఫౌల్‌తో సంబంధమే లేదు.

నియమం ఎక్కడుంది

ఆట నియమాలను రాసేది ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు, అందరూ ఐఫాబ్ అంటారు. రెఫరీ గురించి చెప్పే 5వ నియమంలో విషయం స్పష్టంగా ఉంది. రెఫరీ మ్యాచ్ రికార్డు ఉంచుకోవాలి. తీసుకున్న క్రమశిక్షణ చర్యలతో పాటు మ్యాచ్‌కు ముందు, మ్యాచ్‌లో, మ్యాచ్ తర్వాత జరిగిన ఇతర సంఘటనలనూ సంబంధిత అధికారులకు రిపోర్టులో తెలియజేయాలి. రెఫరీకి తగినదనిపిస్తేనే రాయవచ్చు అన్న వెసులుబాటు అందులో లేదు.

పిల్లల ఆటకు మినహాయింపులు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. మైదానం కొలతలు, బంతి సైజు, గోల్‌పోస్టుల వెడల్పు, ఆట నిడివి, బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రావడం, ఎల్లో వచ్చిన ఆటగాడిని కాసేపు బయట కూర్చోబెట్టడం, ఇవన్నీ జాతీయ సంఘాలు మార్చుకోవచ్చు. రిపోర్టు ఇవ్వడం ఆ జాబితాలో లేదు.

కాసేపు బయట కూర్చోబెట్టే పద్ధతి దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఐఫాబ్ మార్గదర్శకాల ప్రకారం ఆ వ్యవధి మొత్తం ఆటలో 10 నుంచి 15 శాతం. 70 నిమిషాల ఆటకు 10 శాతం అంటే 7 నిమిషాలు. "7 నిమిషాలు కూర్చున్నాడు, చెల్లుకు చెల్లు" అనుకుని చాలామంది రెఫరీలు దాన్ని రిపోర్టులో ఎక్కించరు. ఎక్కించాలా వద్దా, అవి పోగైతే సస్పెన్షన్ ఉంటుందా అన్నది తేల్చేది జాతీయ సంఘమో పోటీ నిర్వాహకులో. రెఫరీ కాదు. సీజన్ మొదట్లోనే ఆ పేజీ చదివి పెట్టుకోవాలి.

రెఫరీ అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా ఇక్కడే చెప్పాలి. మ్యాచ్ ముందు మైదానాన్ని పరిశీలించడానికి లోపలికి వెళ్లినప్పటి నుంచి, మ్యాచ్ అయ్యాక మైదానం విడిచేవరకు క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. అయితే ఆట మొదలుపెట్టడానికి మైదానంలోకి దిగాకే కార్డు బయటికి తీయాలి. దిగకముందు ఎవరైనా రెడ్‌కు తగిన తప్పు చేస్తే కార్డు చూపించకుండానే ఆడనివ్వకుండా ఆపవచ్చు, ఆ సంగతి రిపోర్టులో రాయాలి. మైదానం విడిచాక పార్కింగ్ దగ్గర ఏదైనా జరిగితే కార్డు తీయకూడదు, కానీ రాయాలి. అంటే కార్డు లేకపోయినా రిపోర్టు ఉండే సందర్భాలు ఉన్నాయి. కాసేపు బయట కూర్చోబెట్టేవాటిని పక్కన పెడితే, కార్డు చూపించి రిపోర్టు లేకుండా పోయే సందర్భం మాత్రం ఒక్కటీ లేదు.

జాలి చూపించాల్సిన చోటు

ఈ రెఫరీ చెడ్డవాడు కాదు. పిల్లాడి మీద జాలిపడ్డాడు. పిల్లల ఆటకు అలాంటి మనసున్నవాళ్లే కావాలి కూడా. పొరపాటంతా ఆ జాలిని చూపించిన చోటులో ఉంది. కార్డు జేబులో ఉన్నంతసేపే దానికి చోటు, బయటికి వచ్చాక లేదు.

నియమాలే రెఫరీకి బోలెడంత వెసులుబాటు ఇచ్చాయి. అజాగ్రత్తగా చేసిన ఫౌల్‌కు ఫ్రీ కిక్ చాలు, కార్డు అక్కర్లేదు. ప్రత్యర్థికి ఏమవుతుందో పట్టించుకోకుండా చేస్తే ఎల్లో. అతి బలం వాడి అవతలివాడి భద్రతకు ముప్పు తెస్తే రెడ్. ఈ మూడింటి మధ్య గీత గీసేది రెఫరీ కళ్లే. మంచి దాడిని ఆపే ఫౌల్ జరిగినా అడ్వాంటేజ్ ఇచ్చి ఆట సాగనిస్తే, ఆ ఫౌల్‌కు ఎల్లో అవసరం లేదు. ఇక నోటి దురుసు విషయానికొస్తే, 41వ నిమిషానికి ముందు 30వ నిమిషంలో ఒకసారి, 37లో ఒకసారి నీలం 6 చేతులు ఊపుతూ గొణిగాడు. రెఫరీ వినీ విననట్టు ఊరుకున్నారు. అప్పుడే ఆట ఆగిన చోట దగ్గరికి పిలిచి, అందరికీ కనిపించేలా, "ఇక చాలు, ఇంకొకసారైతే కార్డే" అని ఉంటే, కెప్టెన్‌ను పిలిచి చెప్పి ఉంటే, 41లో ఎల్లో వచ్చేదో లేదో. ఆ ఎల్లో లేకపోతే 63లో రెడ్ లేదు.

కార్డు చూపించాక అది రెఫరీ సొంత సరుకు కాదు. తప్పు కార్డు చూపించానని తెలిస్తే ఆట మళ్లీ మొదలయ్యేలోపు దిద్దుకోవచ్చు. మొదలైపోయాక దిద్దుకునే చోటు రిపోర్టే: "ఫలానా నంబరుకు చూపించాను, అసలు తప్పు చేసింది ఫలానా నంబరు అని తర్వాత తెలిసింది" అని ఉన్నదున్నట్టు రాస్తే పొరపాటు మనిషికి పడ్డ కార్డును సరిచేసే ఏర్పాటు చాలా పోటీల్లో ఉంటుంది. గుట్టుగా చెరిపేసే అధికారం మాత్రం ఎవరికీ లేదు. శిక్ష ఎంత, తగ్గించాలా, మొదటి తప్పు కనుక హెచ్చరికతో వదలాలా అన్నది కమిటీ పని. వాళ్ల దగ్గర సీజన్ మొత్తం చిట్టా ఉంటుంది, మనకు కనిపించేది ఆ 70 నిమిషాలే.

కార్డులు పుట్టిందే ఈ అస్పష్టతను పోగొట్టడానికి. 1966 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆడినప్పుడు ఎవరిని హెచ్చరించారో, ఎవరిని పంపించారో మైదానంలో ఉన్నవాళ్లకే సరిగా తెలియలేదు. ఆ గందరగోళం చూసిన ఇంగ్లిష్ రెఫరీ కెన్ ఆస్టన్‌కు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పసుపు, ఎరుపు రంగుల ఆలోచన తట్టింది. 1970లో మెక్సికో ప్రపంచ కప్‌లో కార్డులు వచ్చాయి. నిర్ణయం అందరికీ కనిపించాలన్నదే వాటి ఉద్దేశం. అందరికీ కనిపించినదాన్ని కాగితం మీద కనిపించకుండా చేస్తే మళ్లీ 1966కే వెళ్లినట్టు.

అరచేతిలో అట్ట

ఇక చేతి పని. రెఫరీ అరచేతిలో ఇమిడే అట్టముక్క మీద ఒక్కో జట్టుకు ఒక్కో వైపు ఉండాలి. ఒకే వైపు రెండు జట్లూ రాస్తే తడబాటు ఖాయం. గళ్లు: నిమిషం, నంబరు, కార్డు, కారణం, మైదానంలో చోటు. ఐదో గడి చాలామంది వదిలేస్తారు. రాత్రి కూర్చుని రిపోర్టు రాసేటప్పుడు దృశ్యం మొత్తాన్ని వెనక్కి తెచ్చేది అదే. పెన్ను వద్దు, వాన పడినా చెమట తగిలినా ఇంకు అలుక్కుపోతుంది. మెత్తటి పెన్సిళ్లు రెండు ఉంచుకోవాలి. ఎల్లో ఒక జేబులో, రెడ్ వేరే జేబులో.

నిమిషం లెక్కలో చిన్న మెలిక ఉంది. గడియారం 62:20 చూపిస్తే అది 63వ నిమిషం. మొదటి సగం అదనపు సమయంలో జరిగితే 35+2 అని రాయాలి, 37 అని రాస్తే రెండో సగంలో జరిగినట్టు అవుతుంది.

కార్డు తీయడానికి ముందు చేయాల్సిన వరుస ఇది. విజిల్ వేశాక తప్పు చేసిన అబ్బాయి మీదనుంచి చూపు తిప్పకూడదు. పిల్లలు గుంపుగా చేరతారు, ఒకే ఎత్తు, ఒకే క్రాపు, క్షణం కళ్లు మరల్చితే ఎవరో తెలియదు. గుంపులోంచి ఐదారు అడుగులు పక్కకు పిలవాలి. వెనక నంబరు, నిక్కరు మీద నంబరు రెండూ చూడాలి. పేరు అడగాలి. అట్ట మీద ఒక చూపు వేయాలి: ఇతనికి ముందే ఎల్లో ఉందా? ఆ తర్వాతే కార్డు. ముందు రాసి తర్వాత చూపించాలా, చూపించి రాయాలా అని నియమం చెప్పదు. మైదానం వేడెక్కి ఉంటే ముందు చూపించడమే మంచిది, లేకపోతే ప్రత్యర్థులు తామే లెక్క తేల్చుకుంటారు. ఎలా చేసినా ఆట మొదలుపెట్టే విజిల్‌కు ముందు పెన్సిల్ అట్టకు తగలాలి. "తర్వాత రాసుకుందాం" అనుకున్న కార్డు సగం పోయినట్టే.

అట్ట మీద ఒక్క అంకె తప్పు గడిలో పడితే ఏమవుతుందో ప్రపంచం మొత్తం చూసింది. 2006 ప్రపంచ కప్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్‌లో రెఫరీ గ్రాహం పోల్, క్రొయేషియా 3వ నంబరు జోసిప్ సిమునిచ్‌కు చూపించిన రెండో ఎల్లోను ఆస్ట్రేలియా 3వ నంబరు కింద రాసుకున్నారు. సిమునిచ్ ఆట కొనసాగించాడు. మూడో ఎల్లో వచ్చాకే రెడ్ పడింది. అనుభవంలో ఆయన్ను మించినవాళ్లు తక్కువ, పక్కన అసిస్టెంట్లు, నాలుగో అఫీషియల్ ఉన్నారు. అంతటి ఏర్పాటు ఉన్నచోటే జరిగిందంటే, నంబరు ఊడిపోయిన జెర్సీల మధ్య ఒంటరిగా నిలబడే పిల్లల లీగ్ రెఫరీ ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

దీనికి ఖర్చులేని మందు ఒకటుంది. హాఫ్ టైమ్‌లో ఒకసారి, ఆట ముగిశాక మైదానం విడవకముందు ఒకసారి, ముగ్గురూ అట్టలు పక్కపక్కన పెట్టి చూసుకోవడం. రెండు నిమిషాల పని. ఈ కేసులో ఆ పని జరిగి ఉంటే రెడ్ ముగ్గురి అట్టల మీదా ఉండేది, "చూద్దాంలెండి" అనే అవకాశమే రెఫరీకి మిగిలేది కాదు.

రిపోర్టు ఎలా ఉండాలి

కమిటీ అడిగాక రెఫరీ వీడియో చూసి, గుర్తుచేసుకుని, అనుబంధ రిపోర్టు పంపారు. మొదటి ప్రయత్నంలో నీలం 6 గురించి ఇలా రాశారు: "కావాలని, పగతో, ప్రమాదకరంగా ట్యాకిల్ చేశాడు. రెండో ఎల్లో, రెడ్ ఇచ్చాను. కఠిన చర్య తీసుకోవాలి." ఇందులో పనికొచ్చే సమాచారం దాదాపు లేదు. పగ అనేది ఎవరికీ కనిపించేది కాదు. ప్రమాదకరం అనేది అభిప్రాయం. చర్య సూచించడం రెఫరీ పని కాదు. పైగా "కావాలని, పగతో" అన్న మాటలు చదివిన కమిటీ దీన్ని హింసాత్మక ప్రవర్తన కిందికి తీసుకుంటే పిల్లాడికి శిక్ష రెట్టింపవుతుంది. మొదట జాలితో దాచినవాళ్లే, దొరికిపోయాక భయంతో ఇలా ఎక్కువ చేసి రాస్తారు. రెండూ పిల్లాడికి అన్యాయమే.

తిరిగి రాయించిన రిపోర్టు ఇది:

"63వ నిమిషం, స్కోరు 1–1. నీలం 6, టీమ్ షీటులో 9వ వరుసలోని పేరు. ఎరుపు 11 ఎడమ టచ్‌లైన్ పక్కన బంతిని ముందుకు తోసి పరుగెత్తుతున్నాడు. నీలం 6 పక్క నుంచి జారి కుడి కాలు చాచాడు. కాలు బంతికి తగల్లేదు, ఎరుపు 11 ఎడమ చీలమండకు తగిలింది. మోకాలు వంగి ఉంది, పాదం నేలకు ఆనుకునే ఉంది. నేను సుమారు 10 మీటర్ల దూరంలో ఉన్నాను, మధ్యలో ఎవరూ అడ్డు లేరు. ప్రత్యర్థికి ఏమవుతుందో పట్టించుకోని ఫౌల్‌గా ఎల్లో చూపించాను. 41వ నిమిషంలో ఇతనికి ఎల్లో ఉంది కనుక వెంటనే రెడ్ చూపించాను. ఇతను మాట్లాడకుండా మైదానం విడిచాడు. ఎరుపు 11 చికిత్స తర్వాత ఆడాడు. డైరెక్ట్ ఫ్రీ కిక్‌తో ఆట మొదలైంది."

"మోకాలు వంగి ఉంది, పాదం నేలకు ఆనుకునే ఉంది" అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగండి. కాలు గాల్లో లేదు, నిటారుగా బిగిసి లేదు అని అది చెబుతోంది. డైరెక్ట్ రెడ్ (రెండో ఎల్లోతో పని లేకుండా నేరుగా ఇచ్చే రెడ్) ఎందుకు కాలేదో ఎవరూ అడగక్కర్లేదు. "మాట్లాడకుండా మైదానం విడిచాడు" అన్నది ఆ అబ్బాయికి అనుకూలమైన నిజం. దానికి కూడా రిపోర్టులో చోటు ఉండాలి. నిజమైన జాలి ఇలా ఉంటుంది.

రెండో ఎల్లోతో వచ్చిన రెడ్‌ను రాయడంలో తప్పులు చాలా జరుగుతాయి. రెండు ఎల్లోలూ వాటి కారణాలతో విడివిడిగా ఉండాలి, ఆ తర్వాత రెడ్‌కు కారణం "అదే మ్యాచ్‌లో రెండో హెచ్చరిక". కొందరు ఉత్త రెడ్ రాసి ఊరుకుంటారు, అది డైరెక్ట్ రెడ్‌గా నమోదై ఎక్కువ శిక్ష పడుతుంది. ఎల్లో ఉన్న ఆటగాడికి డైరెక్ట్ రెడ్ వస్తే మాత్రం పాత ఎల్లో అలాగే నిలుస్తుంది, రెండూ రాయాలి.

మాటలతో చేసిన తప్పుకు ఒకటే సూత్రం: అన్న మాట అన్నట్టే, అన్న భాషలోనే రాయాలి. 41వ నిమిషం ఎంట్రీలో మొదట "రెఫరీని దూషించాడు" అని ఉంది. దూషణకు రెడ్ ఉంటుంది, ఎల్లో కాదు. మరి ఎల్లో ఎందుకిచ్చారు? అడిగితే అసలు మాట బయటికొచ్చింది: "కళ్లు కనబడట్లేదా సార్, అది మా త్రో!" ఇది నిర్ణయానికి ఎదురు చెప్పడం, ఎల్లో సరైనదే. ఒక్క మాట ఎంపిక వల్ల 15 ఏళ్ల పిల్లాడి రికార్డులో తిట్టు లేనిచోట తిట్టు ఎక్కేది. నిజంగా బూతే అయితే, రాయడానికి చేయి రాకపోయినా అక్షరం మార్చకుండా రాయాలి. కులం, రంగు, మతం, శరీరం మీద మాటలైతే మరీ ముఖ్యం. ఎవరు, ఎవరితో, ఎంత దూరం నుంచి, ఇంకెవరు విన్నారు అన్నవి కూడా చేర్చాలి. తాను వినకపోతే "నేను వినలేదు, రెండో అసిస్టెంట్ విన్నట్టు చెప్పాడు" అని రాసి, అతని చేత విడిగా రాయించాలి. ఆ అసిస్టెంట్ మైనరైతే పెద్దవాళ్లు పక్కన ఉండవచ్చు, కానీ వాక్యాలు అతనివే అయి ఉండాలి.

కోచ్ ఎల్లో సంగతి. 2019–20 నుంచి జట్టు సిబ్బందికీ కార్డులు చూపిస్తున్నారు. బెంచీ నుంచి ఎవరు అన్నారో తేల్చలేకపోతే టెక్నికల్ ఏరియాలో ఉన్న సీనియర్ కోచ్‌కే కార్డు వెళ్తుంది, ఆ కారణం రిపోర్టులో ఉండాలి. పిల్లల ఆటలో కోచ్ కార్డు రాయకపోవడం ఆటగాడి కార్డు వదిలేయడం కంటే పెద్ద తప్పని మా అభిప్రాయం. 41లో అబ్బాయి చేసినదీ 58లో కోచ్ చేసినదీ పక్కపక్కన పెట్టి చూడండి. అబ్బాయి ఆ తీరు ఎక్కడ నేర్చుకుంటున్నాడో కమిటీకి తెలియాలంటే రెండూ కాగితం మీద ఉండాలి. తల్లిదండ్రులకు కార్డులుండవు, వాళ్లు హద్దు దాటితే విడిగా సంఘటన రిపోర్టు రాయాలి.

రిపోర్టు ఆ రాత్రే రాయాలి, గడువు ఎంతున్నా సరే. పంపాల్సింది నిర్వాహకులు చెప్పిన ఒక్క చోటికే. అట్ట ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం పనికిరాదు, అందులో ఉన్నవి మైనర్ల వివరాలు. అప్పీల్ గడువు దాటేవరకు అట్టను పారేయకూడదు.

నంబరు ఒకటి, అబ్బాయి ఇంకొకడు

దర్యాప్తులో ఎవరూ ఊహించని ఇంకో విషయం బయటపడింది. నీలం 6 పాత రికార్డు తీస్తే అది ఖాళీగా ఉంది. ఇంతగా రెఫరీల మీద అరిచే అబ్బాయికి సీజన్ మొత్తంలో ఒక్క ఎల్లో కూడా లేకపోవడం కమిటీలో ఒకరికి వింతగా తోచింది. పాత రిపోర్టులు తిరగేశారు. రెండు మ్యాచ్‌ల్లో, ఇద్దరు వేర్వేరు రెఫరీలు, ఎదురు చెప్పినందుకు ఎల్లో ఇచ్చి "నీలం 6" అని మాత్రమే రాశారు. పేరు లేదు.

పిల్లల జట్లలో జెర్సీలు సంచీలోంచి పంచుతారు. ఈ వారం 6 వేసుకున్నవాడు వచ్చే వారం 14 వేసుకుంటాడు. సీజన్ మొదట్లో రిజిస్టర్ చేసినప్పుడు 6 వేరే అబ్బాయిది. సిస్టమ్ ఆ రెండు ఎల్లోలనూ అతని ఖాతాలో వేసింది. అతనికి సొంతంగా ఒకటి ఉంది. ఈ పోటీలో మూడు ఎల్లోలు పోగైతే ఒక మ్యాచ్ సస్పెన్షన్. అలా అతను అంతకు నెల ముందే ఒక మ్యాచ్ బయట కూర్చున్నాడు. క్లబ్ అభ్యంతరం చెప్పలేదు. బెంచీ మీది ఆటగాడు పోతే పోయాడు, ముఖ్యమైన ఆటగాడు మిగిలాడు అనుకున్నారేమో.

దీన్ని ఆపడానికి రెఫరీ చేయాల్సింది మ్యాచ్ ముందు ఐదు నిమిషాల పని. టీమ్ షీటులో పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఆ రోజు జెర్సీ నంబరు మూడూ ఉండాలి. పిల్లల్ని వరుసగా నిలబెట్టి పేరు పిలిచి నంబరు సరిచూడాలి. హాఫ్ టైమ్‌లో జెర్సీ మారితే, గోల్‌కీపర్ మారితే షీటు మీద దిద్దించి కోచ్ సంతకం తీసుకోవాలి. రిపోర్టులో నంబరుతో పాటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రెండూ రాయాలి. మ్యాచ్ తర్వాత కార్డుల జాబితాను ఇద్దరు కోచ్‌లకూ చదివి వినిపించాలి. వాళ్ల అంగీకారం అడగడం లేదు, తెలియజేస్తున్నాం, అంతే. ఈ లీగ్ తర్వాత ఆ జాబితా కింద ముగ్గురు అఫీషియల్స్ సంతకాలు తప్పనిసరి చేసింది.

కమిటీ ఆ రెండు ఎల్లోలను అసలు అబ్బాయి ఖాతాకు మార్చింది. బయట కూర్చున్న అబ్బాయికీ అతని తల్లిదండ్రులకూ, అవి అతని కార్డులు కావని, సస్పెన్షన్ పొరపాటున పడిందని ఉత్తరం రాసి, ఆ ప్రతిని క్లబ్ నోటీసు బోర్డులో కూడా పెట్టమని ఆదేశించింది.